అమ్మ రాసిన మొదటి మెసేజీ

కువైట్‌లో నేను పనిచేసిన ఇంట్లో ఒకటే కట్టుబాటు. ఫోను వాడుకోవచ్చు, వైఫై వాడుకోవచ్చు, నోరు తెరిచి మాత్రం మాట్లాడకూడదు. వాళ్ళేమీ చెడ్డవాళ్ళు కారు. నేను చూసుకోవాల్సిన మామ్మగారికి ఎనభై దాటాయి, మతిమరుపు బాగా ముదిరిపోయింది. పక్కగదిలో ఎవరైనా మాట్లాడితే చాలు, చనిపోయిన భర్త వచ్చాడనుకుని మంచం దిగి తలుపు దాకా వెళ్ళేది. అక్కడ ఆయన కనపడక ఏడుపు మొదలుపెడితే ఆపడం ఎవరివల్లా అయ్యేది కాదు. నేను రాకముందు రెండుసార్లు గుమ్మం దగ్గర పడిందట కూడా. అందుకని ఆవిడ కూతురు మొదటిరోజే నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, నా ఫోను చూపించి, చూపుడువేలు పెదాల మీద పెట్టుకుంది. అప్పటికి నాకు అరబ్బీ ముక్క రాదు. ఆ వేలు మాత్రం అర్థమైంది.

నా పడక మామ్మగారి గదిలోనే. బయటికి వెళ్ళేది ఆసుపత్రికే, అదీ ఆవిడ చక్రాల కుర్చీ తోసుకుంటూ. కాబట్టి రెండేళ్ళపాటు నేను మా అమ్మతో ఒక్కసారి కూడా మాట్లాడలేదు. మాట్లాడలేదంటే నా గొంతు ఆవిడకి వినపడలేదని. మిగతా కథంతా ఆ ఒక్క ఇబ్బందిలోంచే పుట్టింది.

మాది బందరుకి అవతల, సముద్రం ఒడ్డున ఉన్న పల్లె. నాన్న బోటు మీద వేటకి వెళ్తాడు. వెళ్తే వారం, పది రోజులు. అమ్మ రేవులో చేపలు ఎత్తుకుని, ఆటోలో బందరు వెళ్ళి, వీధి వీధీ తిరిగి అమ్ముతుంది. నేను పది పాసై, గుడివాడలో ఒక నర్సింగ్‌హోములో ఆయాగా నాలుగేళ్ళు చేశాను. రోగిని నొప్పి తెలీకుండా పక్కకి తిప్పడం, ట్యూబులో పాలు పొయ్యడం, వీపు మీద పుళ్ళు రాకుండా చూసుకోవడం అక్కడే నేర్చుకున్నాను. ఆ పని తెలిసినవాళ్ళకి కువైట్‌లో మంచి గిరాకీ ఉందని చెప్పింది మా దివిసీమ పిన్ని. ఆవిడ నాగాయలంక వైపు ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు ఆరేళ్ళు అక్కడ వంట చేసి వచ్చింది.

"మా రోజుల్లో ఉత్తరం రాయించాలంటే డ్రైవరన్నని బతిమాలుకోవాలి. అది ఇక్కడికి చేరి, దానికి జవాబు వచ్చేసరికి మా చంటాడికి పళ్ళు కూడా వచ్చేశాయి," అంది పిన్ని. "నీకేమే, ఫోనుంది. రోజూ మీ అమ్మ మొహం చూసుకుంటావు."

నేనూ అలాగే అనుకున్నాను. వెళ్ళేముందు నా పాత ఫోను అమ్మకిచ్చి, వాయిస్ మెసేజీ ఎలా పంపాలో, ఎలా వినాలో నేర్పాను. ఆకుపచ్చ బొమ్మ నొక్కు, మైకు బొమ్మ మీద వేలు పెట్టి మాట్లాడు, వేలు తీసెయ్. అమ్మ రెండు రోజుల్లో పట్టేసింది. అక్షరాల సంగతి నాకూ తట్టలేదు, ఆవిడకీ తట్టలేదు.

అప్పటికి మా పల్లెలో ఇళ్ళ దగ్గర సిగ్నల్ సరిగ్గా అందేది కాదు. తుఫాను షెల్టరు మేడ మీదకి ఎక్కితే బాగా వచ్చేది. బయటి ఊళ్ళలో మనుషులున్న ఆడవాళ్ళంతా సాయంత్రం పనులయ్యాక ఆ మేడ మీదకి చేరేవాళ్ళు. ఒకామె మొగుడు మస్కట్‌లో, ఒకామె కూతురు హైదరాబాదులో ఇంటిపని, ఇంకొకామె కొడుకు బెంగళూరులో సెంట్రింగు పని. అందరి ఫోన్లూ అక్కడే మోగేవి. అమ్మ వాయిస్‌లో వెనకాల ఎప్పుడూ గాలి హోరు, ఇద్దరు ముగ్గురి కబుర్లు వినిపించేవి. నేను ఒక చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని, బట్టలు ఇస్త్రీ చేస్తూ వినేదాన్ని.

వినడం వరకు బాగానే ఉంది. జవాబు చెప్పాలంటే టైపు చెయ్యాలి. టైపు చేస్తే అమ్మ చదవలేదు. నేను మొదట ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టేదాన్ని, మా ఈడు పిల్లలంతా అలాగే కొడతారు కదా. మా పక్కింటి వదిన ఇంటరు చదివింది. ఆమె అమ్మ ఫోను తీసుకుని చదివిపెట్టేది. వదిన మనసు మంచిదే. కాకపోతే గొంతు పెద్దది. అదీగాక మేడ మీద పదిమంది మధ్య చదివేటప్పుడు రహస్యంగా చదవడం ఎవరికి సాధ్యం?

వెళ్ళిన నాలుగో నెలలో అనుకుంటాను, మా మేనత్త కొడుక్కి నన్ను చేసుకుంటామని అడిగారని, నాన్న సరేనన్నట్టే ఉన్నాడని అమ్మ వాయిస్ పంపింది. బావ మంచివాడా చెడ్డవాడా అన్నది కాదు. నాకు ఇష్టం లేదు. రోజంతా ఆలోచించి రాశాను. "అమ్మా, నాకు ఆ సంబంధం వద్దు. బావ నాకు అన్నయ్యతో సమానం. నాన్నకి ఇప్పుడే చెప్పకు. నేను వచ్చాక మెల్లగా చెబుదాం."

వదిన మేడ మీద దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివింది. "నాన్నకి ఇప్పుడే చెప్పకు" అన్నది కూడా చదివింది. మర్నాడు పొద్దున్న మామ్మగారికి గంజి తాగిస్తుంటే ఫోను వణుకుతూనే ఉంది. మేనత్త ఏడుస్తూ ఒక వాయిస్. బావ చెల్లెలు తిడుతూ ఒకటి. నాన్న పినతల్లి, నాకు బాగా తెలియని మనిషి, "గల్ఫు గాలి తగిలితే కళ్ళు నెత్తికెక్కుతాయంటారు, నిజమే," అంటూ ఒకటి. నాన్న మాత్రం ఏమీ పంపలేదు. అది అన్నిటికంటే ఎక్కువ నొప్పించింది.

ఆ తర్వాత నేను రాసేవన్నీ రేడియోలో చదివించుకునే మాటల్లా తయారయ్యాయి. బాగానే ఉన్నాను. తిన్నాను. ఇక్కడ ఎండలు. జ్వరం వస్తే చెప్పలేదు. మామ్మగారు నన్ను తన చెల్లెలనుకుని పాత నగల పెట్టె చూపించి నవ్విన రోజున ఎంత సంతోషపడ్డానో కూడా చెప్పలేదు. అందరూ వింటారని తెలిశాక సంతోషం చెప్పుకోవాలన్నా సిగ్గే.

అమ్మ గ్రహించింది. ఒకరోజు వాయిస్‌లో వెనకాల గాలి హోరే ఉంది, ఎవరి మాటలూ లేవు. అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి ఒంటరిగా మాట్లాడినట్టుంది. "అమ్మాయ్, నువ్వు రాసేది నాకు రాస్తున్నట్టు లేదే. కలెక్టరుగారికి రాస్తున్నట్టుంది," అంది. చివర్లో "సరేలే, చూద్దాం," అని పెట్టేసింది.

ఆ తర్వాత అమ్మ వాయిస్‌లు తగ్గిపోయాయి. అంతకుముందు రోజుకి మూడు నాలుగు వచ్చేవి. ఇప్పుడు ఒకటి, అదీ "బాగున్నానే, పనుంది" అని. నాకు నానా ఆలోచనలూ వచ్చాయి. సంబంధం గొడవలో నాన్నకీ తనకీ మాటల్లేవేమో, ఒంట్లో బాగుండలేదేమో. వదినని అడిగితే, "మీ అమ్మకేం, రాయిలా ఉంది. ఈమధ్య బందరునుంచి ఆలస్యంగా వస్తోంది, అంతే," అని రాసింది. ఎందుకు ఆలస్యమో ఆమెకీ తెలియదు. ఇలా ఐదారు నెలలు గడిచాయి.

ఒక మధ్యాహ్నం మామ్మగారు నిద్రపోతుంటే నేను ఆవిడ దుప్పట్లు మడత పెడుతున్నాను. ఫోను ఒకసారి వణికింది. చూస్తే అమ్మ. వాయిస్ కాదు, అక్షరాలు. తెలుగు అక్షరాలు.

"అమమను. చదవడం వచచింది. ఎవరికీ చెపపకు."

మొదట ఎవరో తుంటరి పిల్లలు ఫోను తీసుకున్నారనుకున్నాను. మళ్ళీ చదివాను. ఒక్క వత్తు కూడా లేదు. కానీ దీర్ఘాలున్నాయి, గుడులున్నాయి, ప్రతి వాక్యానికీ చివర చుక్క ఉంది. చివరి మాట చూశాక అనుమానం పోయింది. ఎవరికీ చెప్పకు అని మా అమ్మ కాక ఎవరు రాస్తారు? నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ బయటికి రాకూడదు. దుప్పటి నోట్లో కుక్కుకుని మంచం పక్కన కింద కూర్చుండిపోయాను.

అప్పుడే మామ్మగారి కూతురు గదిలోకి వచ్చింది. నన్ను చూసి కంగారుపడి, ఊళ్ళో ఎవరైనా పోయారా అన్నట్టు చేత్తో అడిగింది. అప్పటికి నాకు నాలుగు అరబ్బీ మాటలు వచ్చాయి. "మా అమ్మ. రాసింది. మొదటిసారి," అని గుసగుసగా చెప్పాను. ఆమె ఫోను నా చేతిలోంచి తీసుకుని ఆ మూడు వాక్యాలూ చాలాసేపు చూసింది. మీ అక్షరాలు పూసల్లా గుండ్రంగా ఉన్నాయి అని వేలితో గాలిలో సున్నాలు చుట్టి చూపించింది. తర్వాత తన తల్లి దగ్గరికి వెళ్ళి నిద్రలో ఉన్న ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆ రోజు మిగిలిన దుప్పట్లు ఆమే మడత పెట్టింది.

ఎలా నేర్చుకున్నావని నేను అడిగితే అమ్మ వెంటనే చెప్పలేదు. అంత రాసే ఓపిక అప్పుడు లేదు. ముక్కలు ముక్కలుగా రాసింది, కొంత వాయిస్‌లో చెప్పింది, మిగతాది నేను వచ్చాక విన్నాను. అన్నీ కలిపితే జరిగింది ఇది.

బందరులో అమ్మకి వాడుకగా చేపలు కొనే ఇల్లు ఒకటుంది. చర్చికి దగ్గర్లో, రిటైరైన టీచరుగారు. పల్లెటూళ్ళో పుట్టి, హాస్టల్లో చదువుకుని, ముప్ఫై ఏళ్ళు పిల్లలకి ఒకటో తరగతి చెప్పిన మనిషి. చేప మొప్ప ఎత్తి చూడకుండా కొనదు. ఒకరోజు అమ్మ చేపలు తూచి ఇచ్చాక బుట్ట ఎత్తుకోకుండా అక్కడే నిలబడిందట.

"ఏమ్మా, ఏం కావాలి?"

"నాకు చదువు చెప్తారాండీ?"

టీచరుగారు కళ్ళజోడు సర్దుకుని చూసిందట. "ఎవరికి? మీ ఇంట్లో చిన్నపిల్లలున్నారా?"

"నాకేనండి. మా అమ్మాయి రాసింది నేను చదువుకోవాలి. ఇంకోళ్ళు చదివితే అది ఏమీ రాయట్లేదండి."

"ఎంతవరకు చదివావు?"

"బడికి నెల రోజులు వెళ్ళానండి. తర్వాత చెల్లెల్ని ఎత్తుకోమన్నారు."

టీచరుగారు లోపలికి వెళ్ళి సుద్దముక్క తెచ్చి వరండా గచ్చు మీద రాసింది. అ, ఆ అని మొదలుపెట్టలేదు. బుట్టలోకి చూసి, ఇదేం చేప అని అడిగింది. చందువా అంది అమ్మ. టీచరుగారు చ, ద, వ రాసి, చ మీద వేలు పెట్టి, "ఇది నీ చందువాలో మొదటి చ. రేపు వచ్చేసరికి దీన్ని మర్చిపోకూడదు," అంది.

అలా మొదలైంది. చందువాతో చ, పండుగప్పతో ప, మాగతో మ, గొరకతో గ. బుట్టలో ఏ చేప ఉంటే ఆ రోజు ఆ అక్షరం. నాలుగు రోజులు రొయ్యలే పడితే నాలుగు రోజులూ ర తోనే కుస్తీ పట్టింది. చేపలన్నీ అమ్మేసి, ఖాళీ బుట్ట గోడకి ఆనించి, ఆ వరండాలో గంట కూర్చునేది. మొదట్లో గట్టిగా నొక్కి సుద్దముక్కలు విరగ్గొట్టేదట. పొలుసు గీకే చెయ్యి, కత్తిపీట మీద క్షణంలో చేపని ముక్కలు చేసే చెయ్యి. "సున్నా చుట్టడం ఇంత కష్టమని తెలీదే," అని నాతో చెప్పింది.

టీచరుగారు మెత్తని మనిషి కాదు. తప్పు రాస్తే తడిగుడ్డతో తుడిపించి మళ్ళీ రాయించేది. ఒకరోజు అమ్మకి విసుగొచ్చి, "నాకు రాదులెండి, నేను చేపలమ్ముకునేదాన్ని," అందట. దానికావిడ, "మా అమ్మ నాట్లు వేసేది. ఆమెకీ రాదన్నారు. నేను నేర్పలేకపోయాను, నాకు ఉద్యోగం వచ్చేసరికే పోయింది. నువ్వు కూర్చో," అందట. అమ్మ కూర్చుంది.

గుణింతాలు వచ్చేసరికి నాలుగు నెలలు పట్టింది. తర్వాత వత్తులు. చదవడం వచ్చింది, గచ్చు మీద రాయడం వచ్చింది. ఫోన్లో వత్తు ఎలా కొట్టాలో మాత్రం టీచరుగారికీ తెలియదు. ఇద్దరూ కలిసి ఒక మధ్యాహ్నమంతా వెతికారట. దొరకలేదు. ఇక ఆగలేక అమ్మ వత్తులు లేకుండానే నాకు ఆ మొదటి మెసేజీ పంపేసింది.

వత్తు సంగతి నేను నేర్పాను. కీబోర్డు ఫొటో తీసి, పొల్లు మీట చుట్టూ ఎర్ర గీత గీసి పంపాను. మొదట మ, తర్వాత ఈ మీట, తర్వాత మళ్ళీ మ. గంట తర్వాత జవాబు వచ్చింది. "అమ్మ. అమ్మ. అమ్మ. అమ్మ." ఫోను నిండా అదే. ఆ తర్వాత రెండు వారాలు అమ్మకి వత్తు మోజు పట్టుకుంది. అవసరం ఉన్నా లేకపోయినా పెట్టేది. చేప్పలు, రేవ్వు, నాన్న్న. నేను దిద్దలేదు. ఆ నాన్న్న ఇప్పటికీ నా ఫోన్లో ఉంది.

నేను ఇంగ్లీషు అక్షరాలు మానేసి తెలుగులో కొట్టడం మొదలుపెట్టాను. నాకే మొదట్లో చేతకాలేదు, పదో తరగతి తర్వాత తెలుగు రాసిందెప్పుడు? తల్లీకూతుళ్ళం ఇద్దరం తప్పులు రాసుకుంటూ మాట్లాడుకున్నాం. జ్వరం వస్తే చెప్పాను. మామ్మగారి నగల పెట్టె గురించి చెప్పాను. పల్లెలో ఎవరికీ తెలియదు. అమ్మ మేడ ఎక్కి ఒక మూల నిలబడి, ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకుని ఫొటోలు చూస్తున్నట్టు నటించేదట.

ఒకరోజు పొడుగాటి మెసేజీ వచ్చింది. అంత రాయడానికి ఎంతసేపు పట్టి ఉంటుందో. నేను దాన్ని ఇక్కడ వత్తులు దిద్ది రాస్తున్నాను.

"నీకు బావ వద్దు అని రాసావు. అప్పుడు అందరి ముందు నేను ఏం మాట్లాడలేదు. నన్ను మీ నాన్నకి ఇచ్చేటప్పుడు నేను కూడా వద్దు అన్నాను. మీ నాన్న చెడ్డవాడు అని కాదు. నాకు పదహారు ఏళ్ళు. భయం. మా అమ్మకి చెవిలో చెప్పాను. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. నీ మాట నేను చెప్తాను."

ఇరవై ఐదేళ్ళు ఒకే ఇంట్లో పెరిగాను. ఆ సంగతి నాకు తెలియదు. నోటితో అమ్మ ఎప్పటికీ చెప్పేది కాదనుకుంటాను. పక్కన మనిషి లేకుండా, ఎవరూ మధ్యలో అడ్డురాకుండా, తనకి కావలసినంతసేపు ఆలోచించుకుని చెప్పే వీలు ఆవిడకి జీవితంలో మొదటిసారి దొరికింది. ఆ రాత మామ్మగారి మంచం పక్కన కూర్చుని ఎన్నిసార్లు చదివానో చెప్పలేను.

వేటనుంచి నాన్న వచ్చాక అమ్మ అన్నం పెట్టి, తిన్నాక చెప్పిందట.

"అమ్మాయికి ఆ సంబంధం ఇప్పటికీ వద్దు. నేనూ వద్దంటున్నాను. మీ అక్కకి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"ఇప్పటికీ అని నీకెవరు చెప్పారు?" అన్నాడు నాన్న.

"అదే మళ్ళీ రాసింది."

"ఎవరు చదివారు?"

"నేనే."

నాన్న చెయ్యి కడుక్కోవడం మానేసి చూశాడట. "నువ్వు చదివావా? ఏదీ, వినిపించు."

"అది నాకు రాసింది. మీకు కావాలంటే మీకు రాయమంటాను."

నాన్న ఐదో తరగతి చదివాడు. కోపం వస్తుందని అమ్మ అనుకుంది. ఆయన పైపంచెతో చెయ్యి తుడుచుకుని, ఆ సాయంత్రమే మేనత్త ఇంటికి వెళ్ళి చెప్పి వచ్చాడు. వస్తూ వస్తూ షెల్టరు మేడ ఎక్కి నాకు ఒక వాయిస్ పంపాడు. సంబంధం ఊసే లేదు. "మీ అమ్మ చదువుతోందే," అన్నాడు. "చదువుతోంది," అని మళ్ళీ అన్నాడు. నాన్న గొంతులో అంత గర్వం నేను పది పాసైనప్పుడు కూడా వినలేదు. చెప్పొద్దూ, కాస్త అసూయ కూడా కలిగింది.

ఇక దాచడం కుదరలేదు. మర్నాటికి పల్లెంతా తెలిసిపోయింది. వదినకి కోపం వచ్చిందేమోనని భయపడ్డాను. ఆమె అమ్మని కావలించుకుని, "అత్తా, నీ అమ్మాయి ఆ మెసేజీ పెట్టిన రోజునుంచి నాకు నిద్ర పట్టట్లేదు. చదివాకగానీ ఏం చదివానో తెలీలేదు," అని ఏడ్చిందట.

రెండేళ్ళు నిండాక సెలవు ఇచ్చారు. నేను హైదరాబాదులో దిగి, అక్కడినుంచి రైలెక్కి వస్తానని రాశాను. అమ్మ "సరే" అని రాసింది. విమానం దిగి, బ్యాగు తీసుకుని బయటికి వస్తే, కమ్మీల అవతల, టై కట్టుకుని పేర్ల అట్టలు పట్టుకున్న డ్రైవర్ల మధ్య, ఆకుపచ్చ చీరలో మా అమ్మ ఒక్కతే నిలబడి ఉంది.

అమ్మ అంతకుముందు విజయవాడ దాటి ఎరగదు. "నాన్నేడీ?" అన్నాను. రెండేళ్ళ తర్వాత ఆవిడకి వినిపించిన నా మొదటి మాట అది. గొణిగినట్టు వచ్చింది. గట్టిగా మాట్లాడటం మర్చిపోయాను.

"వేటలో ఉన్నాడు. నేనే వచ్చా," అంది. "గట్టిగా మాట్లాడవే, ఇక్కడ ఎవరూ నిద్రపోవట్లేదు."

రైలు పెట్టె నంబరు తనే చూసుకుందట. స్టేషన్లో బయటికి అని రాసి ఉన్న బోర్డు చదువుకుంటూ వచ్చిందట. విమానాశ్రయం బస్సు మీద తెలుగులో రాసి ఉంది, అది చదివి ఎక్కిందట. "కండక్టరు, ఎక్కడికమ్మా అన్నాడు. బస్సు మీద రాసుందిగా బాబూ, అక్కడికే అన్నాను," అని నవ్వింది. తిరుగు ప్రయాణంలో తెల్లవారేసరికి గుడివాడ వచ్చింది. అక్కడినుంచి అమ్మ కిటికీ వదల్లేదు. ప్రతి స్టేషను బోర్డూ పైకి చదివింది. కవుతరం. పెడన. చిలకలపూడి. పెట్టెలో వాళ్ళు నిద్రలేచి చూస్తున్నా ఆపలేదు. నేనూ ఆపమనలేదు. ఎదుటి బెర్తు ఆయన విసుక్కుని, "ఎన్నిసార్లు చదువుతావమ్మా, బందరే వచ్చేది," అన్నాడు. "తెలుసండి. రాసింది సరిగ్గా ఉందో లేదో చూస్తున్నా," అంది.

ఇప్పుడు నేను బందరులోనే ఒక ఆసుపత్రిలో చేస్తున్నాను. మళ్ళీ వెళ్తానో లేదో తెలియదు. ఊళ్ళో టవరు పడింది, ఇంట్లో కూర్చున్నా సిగ్నల్ వస్తుంది. అయినా ఆడవాళ్ళు సాయంత్రం షెల్టరు మేడ మీదకే చేరతారు. నేను వచ్చిన కొత్తలో మస్కట్‌లో మొగుడున్నామె ఫోను పట్టుకుని అమ్మ దగ్గరికి వచ్చింది. "అక్కా, ఆయనేదో రాశాడు, కాస్త చదివిపెట్టవా?"

అమ్మ ఫోను వైపు చూడను కూడా లేదు. "చదవను. కావాలంటే నేర్పుతా. కూర్చో."

ఆమె చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. మూడోరోజున తిరిగొచ్చి కూర్చుంది. ఆమె వెనకాలే ఇంకో ముగ్గురు. అమ్మ మేడ గచ్చు మీద సుద్దతో చేపల పేర్లే రాస్తుంది, టీచరుగారిలాగే తప్పుంటే తడిగుడ్డ ఇస్తుంది. ఎవరి మెసేజీ వాళ్ళు చదువుకునేటప్పుడు మాత్రం మిగతావాళ్ళందరినీ సముద్రం వైపు తిరిగి కూర్చోమంటుంది. ఆ నియమం అమ్మే పెట్టింది. వదిన కూడా తిరిగి కూర్చుంటుంది.

మొన్నీమధ్య మస్కట్ ఆమె మొట్టమొదటి మెసేజీ రాసింది. "అన్నం తిన్నారా?" అరగంట పట్టింది. పంపాక చూసుకుంటే అది మొగుడికి వెళ్ళలేదు. రేవులో ఏ బోటుకి ఏ చేప పడిందో చెప్పుకునే గ్రూపులోకి వెళ్ళింది. ఆ గ్రూపులో బోటు ఓనర్లు, ఐసు లారీల వాళ్ళు, గుడివాడ, ముదినేపల్లి నుంచి వచ్చే కొనుగోలుదారులు, అందరూ ఉంటారు. ఆమె తల పట్టుకుని, తీసెయ్యమని గోల పెట్టింది. నేను ఫోను అందుకునేలోపే జవాబులు మొదలయ్యాయి. తిన్నాం అక్కా. ఇంకా లేదండీ, ఇప్పుడే బోటు దిగాం. రొయ్యల కూర, మీరు? ఎవరో పెద్దాయన వాయిస్ పెట్టాడు. "ఇన్నేళ్ళుగా ఈ గ్రూపులో ఉన్నాను, ఈ మాట అడిగింది నువ్వే తల్లీ."

ఆమె చీర కొంగులో మొహం దాచుకుంది. అమ్మ ఫోను తీసుకుని అక్షరం అక్షరం పరీక్షగా చూసింది.

"నువ్వు రాసిందాంట్లో తప్పేం లేదు," అంది. "ఇంకోసారి రాయి, ఈసారి మీ ఆయనకి పంపు." అని అందరినీ సముద్రం వైపు తిరగమంది.